యాభై ఏడు అంగుళాల తోడల్లుడు

ఆ ఆదివారం పొద్దున దర్జీ పెట్టుకున్న పనులు రెండే. పన్నెండేళ్ళుగా తన కొట్టులో మోగుతున్న పాత స్పీకర్లను తోడల్లుడికి అంటగట్టడం ఒకటి. ఆ డబ్బుతో తోడల్లుడి టీవీ కన్నా రెండంగుళాలు పెద్ద టీవీకి బయానా ఇచ్చి రావడం రెండోది. మధ్యాహ్నం భోజనం వేళకు రెండూ అయిపోతాయని అనుకున్నాడు. దర్జీలు అనుకునే గడువుల సంగతి ఎవరికి తెలియదు!

గొడవంతా ఆ టీవీతోనే వచ్చింది. తోడల్లుడికి కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసి అంకెలు రాసుకుంటాడు. అందుకని ఊరంతా అతన్ని మీటరు అనే పిలుస్తుంది. రెండు వీధుల అవతల అతని ఇల్లు. రెండు నెలల కిందట అతను ముందుగదిలో గోడంత టీవీ ఒకటి బిగించాడు. దర్జీ భార్య చెల్లెలి ఇంటికి వెళ్ళి చూసి వచ్చి, చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"వార్తలు చదివే ఆవిడ మొహం మన కిటికీ అంత ఉందండీ. ఆవిడ కమ్మలో ఎన్ని రాళ్ళున్నాయో లెక్కపెట్టాను."

"ఎన్నున్నాయి?"

"ఏడు. మన టీవీలో ఆవిడకి చెవులున్నట్టే తెలీదు."

దర్జీకి ఆ పూట ముద్ద దిగలేదు. మర్నాటి నుంచి కత్తెర ఆడిస్తుంటే గుడ్డ బదులు టీవీ కనిపించసాగింది. మనిషి మంచివాడే. ఎవరి గుడ్డా మిగుల్చుకోడు, ఎవరినీ పల్లెత్తు మాటనడు. కానీ తోడల్లుడికి ఒక బొత్తాం ఎక్కువుందంటే మాత్రం అతని కడుపులో ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టినట్టుంటుంది.

చివరికి ఆగలేక ఒకరోజు చూడబోయాడు. చూస్తే చాలలేదు, కొలవాలనిపించింది. మెడలో టేపు ఎలాగూ ఉంది.

"తమ్ముడూ, ఒకసారి లే. నీ కొలతలు పాతబడ్డాయి."

"ఇప్పుడెందుకన్నయ్యా?"

"మనిషన్నాక పెరుగుతాడు. అదిగో, అలా గోడకి ఆనుకుని నిలబడు. చేతులు చాపు."

మీటరు టీవీకి వీపు పెట్టి చేతులు చాపాడు. దర్జీ టేపు అతని వీపు వెనకగా ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది. యాభై ఏడు అంగుళాలు. నిలువు ముప్పై మూడు. జేబులోంచి కొలతల పుస్తకం తీసి, తోడల్లుడు చూస్తుండగా, "మీటరు: 57, 33" అని రాసుకున్నాడు. అన్నయ్య తనకు చొక్కా కుడతాడని మీటరు సంబరపడ్డాడు.

అలా కొలత దొరికింది. ఇక ఈ ఆదివారం బేరం.

"టీవీ బాగుంది తమ్ముడూ, కాదనను. గొంతే బాగాలేదు. ఏనుగుకి చీమ గొంతు పెట్టినట్టుంది," అన్నాడు దర్జీ కుర్చీలో సర్దుకుంటూ.

"నాకూ అలాగే ఉందన్నయ్యా."

"నా స్పీకర్లు తీసుకో. పరాయివాళ్ళకి ఇవ్వడం ఇష్టం లేక నిన్ను అడుగుతున్నా."

మీటరు బేరం ఆడలేదు. అడిగినంతా లోపలి నుంచి తెచ్చి చేతిలో పెట్టాడు. అది దర్జీకి మరీ కష్టం కలిగించింది. బేరమాడకుండా కొనగలిగేవాడు తన తోడల్లుడేమిటి?

"రసీదు రాయన్నయ్యా."

"మన మధ్య రసీదేమిట్రా!"

"రోజూ డెబ్బై ఇళ్ళలో కాగితం రాసిచ్చేవాణ్ణి. కాగితం లేకపోతే నాకు తిన్నది అరగదు."

దర్జీ జేబులో ఉన్నది తన కొట్టు రసీదు పుస్తకమే. ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ చకచకా రాసి చింపి ఇచ్చాడు. వివరం దగ్గర "స్పీకర్లు రెండు, యాంప్లిఫయర్ ఒకటి" అని రాశాడు. ట్రయల్ తేదీ దగ్గర "ఈరోజే" అని రాశాడు. అడుగున అచ్చయి ఉన్న రెండు పంక్తుల వంక చూడలేదు. తాను అచ్చు వేయించినవే కాబట్టి చూడవలసిన పని లేదనుకున్నాడు.

ఆ రెండు పంక్తులు ఇవి: "ఒంటికి సరిపడేదాకా ఉచితంగా సరిచేసి ఇవ్వబడును. మా చేతిలో పాడైన గుడ్డకు బదులు గుడ్డ ఇవ్వబడును." ఆ కొట్టు బతుకంతా ఆ రెండు పంక్తుల మీదే నడుస్తోంది. చెప్పిన రోజుకు ఏనాడూ ఇవ్వకపోయినా, చెప్పిన మాట ఏనాడూ తప్పలేదు. అందుకే పెద్ద వీధిలో అద్దాల కొట్లు ఎన్ని వచ్చినా జనం అతన్ని వదల్లేదు.

దారిలోనే టీవీల కొట్టుకు వెళ్ళాడు. "అడ్డం యాభై తొమ్మిదికి తగ్గకూడదు," అని టీవీని చొక్కాలా చెప్పి, చేతిలో ఉన్నదంతా బయానా కట్టేశాడు. మధ్యాహ్నం స్పీకర్లు తోపుడుబండి ఎక్కాయి. భార్య గుమ్మంలో నిలబడి, "అవి పాడుతుంటే నా కాజాలు వాటంతటవే పడేవి. ఇక మీ మాటలు వింటూ కుట్టాలి," అంది.

మీటరు ఇంట్లో స్పీకర్లను టీవీకి చెరో పక్కా నిలబెట్టారు. చూడ్డానికి కోటకు బురుజుల్లా ఉన్నాయి. వాటి తీగల చివర ఎర్ర మొన ఒకటి, తెల్ల మొన ఒకటి. దర్జీ వాటిని పట్టుకుని టీవీ వెనక్కి తల దూర్చాడు. ఎర్ర బెజ్జమూ లేదు, తెల్ల బెజ్జమూ లేదు. పల్చటి సందులు రెండు, ఎర్రగా మిణుకుమంటున్న చదరపు కన్నం ఒకటి ఉన్నాయి.

రేడియో డాక్టరును పిలిచారు. రేడియోలు, మిక్సీలు బాగుచేసే మనిషి. పేరుకు తగ్గట్టే అతనికి వైద్యుడి లక్షణాలన్నీ ఉన్నాయి. వచ్చీ రాగానే, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగాడు.

"ఎన్నాళ్ళేమిటి, ఇప్పుడే తెచ్చాం."

డాక్టరు వంగి చూసి పెదవి విరిచాడు. "ఈ టీవీ శబ్దాన్ని తీగలో పంపదు, వెలుగులో పంపుతుంది. నీ పెట్టెకి వెలుగు ఎక్కదు. దానికి తీగే కావాలి. రెండూ మంచివే. రెండింటికీ పొత్తు కుదరదు."

దర్జీ ప్రాణం లేచొచ్చింది. "విన్నావుగా తమ్ముడూ? వస్తువులో లోపం లేదు. నిన్నటిదాకా నా దగ్గర పాడింది. నీ టీవీకి పట్టకపోతే అది నీ టీవీ తప్పు. వస్తా మరి."

మీటరు రసీదు తీశాడు. మీటరు అద్దం మీద టార్చి వేసి అంకెలు చదివినట్టు, ఒక్కొక్క మాటే చదివాడు. "ఒంటికి... సరిపడేదాకా... ఉచితంగా..."

"అది చొక్కాలకి!"

"చొక్కాలకి అని లేదన్నయ్యా."

"స్పీకర్లకి ఒళ్ళెక్కడిది తమ్ముడూ?"

"కొన్న నాకుంది కదా."

వంటింట్లోంచి మరదలు గొంతు వచ్చింది. "ఆ ఒళ్ళు సంగతి బావగారికి బాగా తెలుసు! యాభై ఏడు అంగుళాలని పుస్తకంలో రాసుకున్నారట!"

సంగతేమిటంటే, దర్జీ భార్య కాజాలు కుడుతూ కొలతల పుస్తకం తిరగేసింది. మరిది పేరు కింద ఆ అంకె చూసి కంగారుపడి, చెల్లెలికి ఫోను చేసి, "మీ ఆయన అంత ఊరిపోయాడేమిటే? డాక్టరుకి చూపించారా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మీటరుకు అన్నం గరిటెతో కాకుండా చెంచాతో వడ్డిస్తున్నారు.

దర్జీకి రెండు దారులే కనిపించాయి. కొలిచింది టీవీని అని చెబితే కుళ్ళు బయటపడుతుంది. చెప్పకపోతే మనిషి నడుము కొలవడం చేతకానివాడన్న పేరొస్తుంది. కుళ్ళు దాచుకోవడానికి పనితనాన్ని బలిపెట్టాడు.

"పోనీ, డబ్బు వాపసు ఇస్తాలే," అన్నాడు నీరసంగా. ఆ డబ్బు టీవీల కొట్టులో ఉందని అనలేదు.

"నాకు డబ్బొద్దన్నయ్యా, పాట కావాలి. సరిచేయనంటే ఆ మాటే చెప్పు. నేనేం అనుకోను. రేపటి నుంచి మీ వైపు వీధులే నా రీడింగు."

మీటరు బెదిరించినట్టు అనలేదు. మామూలుగానే అన్నాడు. కానీ ప్రతి ఇంటి గుమ్మంలోనూ నెలకోసారి నిలబడి మాట్లాడే మనిషి అతను. తన కొట్టు మాట తప్పిందని అతను ఇంటింటా చెబితే, ఇరవై రెండేళ్ళ పేరు వారం రోజుల్లో పోతుంది. దర్జీ చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాడు.

మంగళవారానికి డాక్టరు వెలుగును తీగలోకి మార్చే చిన్న డబ్బా ఒకటి తెప్పించాడు. దాని ఖర్చు దర్జీదే, ఉచితంగా సరిచేయాలి కనుక. డబ్బా పెట్టాక స్పీకర్లు పాడలేదు గానీ, వేడి నూనెలో నీళ్ళు చిలకరించినట్టు చిటపటలాడాయి.

ఈలోగా మీటరు మాట నిలబెట్టుకున్నాడు. దర్జీ గురించి ఎక్కడా చెడుగా చెప్పలేదు. పైగా పొగిడాడు. "మాటంటే మా అన్నయ్యదే. కుట్టని స్పీకర్లకి కూడా ఒంటికి పట్టేదాకా సరిచేస్తున్నాడు," అని గుమ్మం గుమ్మానా చెప్పాడు. తిట్టినా ఇంత చేటు జరిగేది కాదు.

బుధవారం పొద్దున లారీ డ్రైవరు కొట్టు ముందు దిగాడు. చేతిలో కోటు, కోటు జేబులో రంగు వెలిసిన రసీదు.

"పెళ్ళికి కుట్టావు. పట్టడం లేదు."

"నీ పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది!"

"రసీదులో గడువు రాయలేదుగా."

"కోటు అలాగే ఉందయ్యా, నువ్వు లావయ్యావు!"

"ఒంటికి సరిపడేదాకా అని రాశావు. ఈ ఒళ్ళు నాది కాదంటావా?"

అతని వెనకే బడి పంతులు వచ్చాడు. కొడుకు ఐదో తరగతిలో కుట్టించుకున్న నిక్కరు తెచ్చాడు. ఆ కొడుకు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. "వాడి ఎత్తుకి తగ్గట్టు ఓ మూరెడు అతుకు వేసి పెట్టు," అన్నాడు మర్యాదగా. శుక్రవారం నాటికి కొట్టులో అరలు నిండి, బట్టలు దర్జీ కుర్చీ మీదికి వచ్చాయి. దర్జీ నిలబడి మిషను తొక్కే స్థితి వచ్చింది.

"ఎవడి టీవీ వాడిది అనుకుని ఉంటే మన కుర్చీ మనకుండేది," అంది భార్య.

"నీకెవరు చెప్పారు టీవీ కోసమని?"

"పుస్తకంలో యాభై ఏడు పక్కన ముప్పై మూడు ఉంది. ముప్పై మూడు అంగుళాల పొడుగు మగాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు."

ఆవిడకు తెలిసిపోయింది. దర్జీ తల దించుకుని నిక్కరుకు అతుకు వేశాడు.

శనివారం డాక్టరు అసలు వైద్యానికి దిగాడు. జబ్బు డబ్బాలో కాదు, టీవీ కడుపులో ఉందట. శబ్దాన్ని ఏ రకంగా పంపాలో దానికి లోపల చెప్పాలట. రిమోటు పట్టుకుని తెర మీద ఒక జాబితా తెరిచాడు. ముందుగా టీవీ సొంత గొంతు నొక్కేశాడు. "రెండు గొంతులుంటే గందరగోళం," అన్నాడు. తరవాత రెండు మీటలు నొక్కాడు. మూడోది నొక్కబోతూ తుమ్మాడు.

తెర మీద అక్షరాలన్నీ మారిపోయాయి. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ పుట్టి బుద్ధెరిగాక చూడని లిపి అది. తడి సిమెంటు మీద కోళ్ళు నడిచినట్టుంది. డాక్టరు వెనక్కి వెళ్ళబోయి పక్కకు వెళ్ళాడు, పక్కకు వెళ్ళబోయి లోతుకు వెళ్ళాడు. నొక్కిన ప్రతి నొక్కుకూ కోళ్ళు పెరిగాయి. చివరికి స్పీకర్ల చిటపట కూడా ఆగిపోయింది. తెర మీద ఎవరో నోరారా పాడుతున్నారు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది.

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మన చేతిలో ఉన్నది మనం చేశాం," అన్నాడు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది!" మరదలు చేతిలో గరిటెతో బయటికి వచ్చింది. "చీమ గొంతో దోమ గొంతో, ఉన్నదాన్ని పీక నులిమారు. సాయంత్రానికి నాకు మాట్లాడే టీవీ కావాలి!"

మీటరు మెల్లిగా రసీదు తీశాడు. ఈసారి రెండో పంక్తి. "మా చేతిలో పాడైన గుడ్డకు... బదులు గుడ్డ..."

దర్జీ మండిపడబోయాడు. అంతలో అతని కడుపులోని ఇస్త్రీపెట్టె చల్లబడింది. ఎందుకంటే, కుట్టేవాళ్ళలో ఒక వాడుక ఉంది. గుడ్డ పాడైతే దర్జీ కొత్త గుడ్డ ఇచ్చుకుంటాడు. పాడైన ముక్క మాత్రం దర్జీదే అవుతుంది. అంటే ఆ లెక్కన యాభై ఏడు అంగుళాలూ తనవే! భాషదేముంది, లోకంలో అది చదవగలిగేవాడు ఎవడో ఒకడు దొరక్కపోడు.

"మాటంటే మాటే తమ్ముడూ," అన్నాడు గొంతు బరువు చేసుకుని. "నా టీవీ తెచ్చి నీకిస్తా. అది పాతది, చిన్నది. అయినా దాని వెనక ఎర్ర బెజ్జం, తెల్ల బెజ్జం రెండూ ఉన్నాయి. నీ స్పీకర్లకి అతికినట్టు సరిపోతుంది. పాడైన గుడ్డ మాత్రం నాది. అది మా వృత్తిలో రివాజు."

"నువ్వు నష్టపోతావేమో అన్నయ్యా."

"పోనీలే. నీకంటేనా?"

ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఎవరి నవ్వు వాళ్ళు దాచుకున్నారు.

ఆ సాయంత్రమే తోపుడుబండి రెండు చక్కర్లు కొట్టింది. మీటరు ఇంట్లో పాత టీవీ పెట్టి, ఎర్ర మొన ఎర్ర బెజ్జంలో, తెల్ల మొన తెల్ల బెజ్జంలో దూర్చారు. పాట ఒక్కసారిగా ఇల్లంతా నిండింది. అలమరలో గ్లాసులు జలజలమన్నాయి. మరదలు గరిటె దించింది. మీటరు కళ్ళు మూసుకున్నాడు. కనుకొలకుల్లో తడి.

"పన్నెండేళ్ళన్నయ్యా," అన్నాడు. "మీ వీధి రీడింగుకి వచ్చినప్పుడల్లా నీ కొట్టు బయట నిలబడి ఇది వినేవాణ్ణి. అలా వింటూ ఎన్ని ఇళ్ళ అంకెలు తప్పు రాశానో! నా తోడల్లుడికి ఇంత పాటేమిటి, నాకు లేకపోవడమేమిటి అని నిద్రపట్టేది కాదు. ఆ కుళ్ళుతోనే ఆ టీవీ కొన్నా. నువ్వు చూడాలని. నువ్వొచ్చి స్పీకర్లు అమ్ముతానంటే, ఎక్కడ మనసు మారుతుందో అని బేరం కూడా ఆడలేదు."

దర్జీ మనసులో లెక్క వేసుకున్నాడు. పన్నెండేళ్ళపాటు తనను చూసి ఒకడు కుళ్ళుకుంటుంటే, ఆ సంగతి తెలియక, ఆ సుఖం ఒక్కరోజైనా అనుభవించకుండా గడిపేశాడు. ఇంత నష్టం అతనికి ఏ వ్యాపారంలోనూ రాలేదు.

ఇంటికి పోతూ, ఇక కొత్త టీవీ అక్కర్లేదని చెప్పి బయానా తెచ్చుకుందామని టీవీల కొట్టులో ఆగాడు. "బయానా వాపసు ఇవ్వబడదు" అని వాళ్ళ రసీదులో పైనే, పెద్ద అక్షరాల్లో ఉంది. రసీదు ఎలా రాయాలో ఆ కొట్టువాడికి తెలుసు. బతిమాలగా బతిమాలగా, బయానా కింద టీవీని గోడకు బిగించే ఇనుప చట్రం ఒకటి ఇచ్చి పంపాడు.

చట్రం తెచ్చి గోడకు ఆనించాక దర్జీ మొదటిసారి తన గోడను కొలిచాడు. తలుపుకూ కిటికీకీ మధ్య యాభై రెండు అంగుళాలు. ఊరందరి నడుములూ కొలిచిన టేపు అతని మెడలోనే ఉంది.

"గోడని కాస్త వదులు చేయండి," అంది భార్య.

టీవీ ఇంట్లో పట్టలేదు. కొట్టులో ట్రయల్ రూము ఎదురుగా ఓ పాత బల్ల మీద నిలబెట్టారు. బొమ్మ వస్తుంది గానీ మాట రాదు. మాట రాని మొహాలు అంతంత పెద్దవి ఊరికే నోళ్ళాడిస్తుంటే భయమేసి రెండో రోజుకే ఆపేశారు. అది ఆపేస్తే నల్లటి, నున్నటి పలక అయింది.

సోమవారం లారీ డ్రైవరు వచ్చాడు. దర్జీ కోటును ఎంత విప్పినా లోపల మిగులు గుడ్డ లేక, రెండంగుళాలు మాత్రమే వదలగలిగాడు. డ్రైవరు దాన్ని బిగబట్టి తొడుక్కుని బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న నల్ల తెరలో తనను చూసుకుని ఆగిపోయాడు. ఆ నలుపులో పొట్ట అంచులు చీకట్లో కలిసిపోయాయి. పక్కకు తిరిగి చూసుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"భలే సరిచేశావయ్యా," అన్నాడు. "పెళ్ళినాటికన్నా బాగా పట్టింది." రసీదు చింపి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి అరలన్నీ ఖాళీ అయ్యాయి, కుర్చీ బయటపడింది. పెద్ద వీధి అద్దాల కొట్లకు వెళ్ళేవాళ్ళు కూడా ఇక్కడికొచ్చి నిలబడి చూసుకుంటున్నారు. దర్జీ మాటకు ఎక్కడా మాట రాలేదు.

ఆ నెల రీడింగుకు మీటరు వచ్చాడు. అంకెలు రాసుకుని తిరిగిపోతూ, నల్ల తెరలో తనను తాను చూసుకున్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని, పక్కకు తిరిగి, పొట్ట లోపలికి తీసి, చాలాసేపు చూసుకున్నాడు. అతని కళ్ళలో మెరుపు దర్జీ గుర్తుపట్టాడు. అద్దంలో తనకు అలవాటైనదే.

"అన్నయ్యా, ఇందులో నా నడుము ముప్పై నాలుగు దాటదేమో."

"దాటదు."

"పాట ఉంది గానీ, ఇంట్లో ఇలాంటిదొకటి లేని లోటు తెలుస్తోంది. దీన్ని అమ్మే ఉద్దేశం ఏమైనా ఉందా?"

దర్జీ రసీదు పుస్తకం తీసి, కింది రెండు పంక్తులూ గీతలు పెట్టి కొట్టేసి, అప్పుడు "కూర్చో తమ్ముడూ" అన్నాడు.